‘దాసి’ కదలని సినిమా ఎందుకయింది? ‘మా భూమి’తో కలిపి చూసిన అనుభవం

‘మా భూమి’, ‘దాసి’ రెండూ తెలంగాణ దొరతనం మీద తీసినవే కదా, మొదటిది కళ్లు తిప్పుకోనివ్వదు, రెండోది అడుగు ముందుకు పడనట్టు ఎందుకుంటుంది, అది శైలా లేక లోపమా అని మీరు అడిగారు. నాకు అది లోపమని అనిపించలేదు. అయితే ఆ మాట మొదటిసారి చూసినప్పుడు అనగలిగేవాణ్ని కాదు.

నేను నల్లగొండలో ఉంటాను. మా అమ్మమ్మది నకిరేకల్ దగ్గరి పల్లె. పది పన్నెండేళ్ల వయసులో తన తల్లి వెంట దొర గడీకి, అంటే అతని కోటలాంటి ఇంటికి, కూలి లేని వెట్టి చాకిరీకి పోయిన మనిషి. కొన్నేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో ఈ రెండు సినిమాలను వరుసగా రెండు రాత్రులు ఆమె పక్కన కూర్చుని చూశాను.

‘మా భూమి’ 1979 నాటిది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అంతకుముందు డాక్యుమెంటరీలు తీసినవాడు, కథాచిత్రం ఇదే మొదలు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారం. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమాలో కెమెరా ఊరి మనుషుల మధ్య ఒకడిగా తిరుగుతున్నట్టు ఉంటుంది. పొలం, బజారు, గుంపు, ముఖాల మీద చెమట, అన్నీ ఎవరో అక్కడుండి పట్టుకున్నట్టే కనిపిస్తాయి. కథానాయకుడు రామయ్య ఊరు విడిచి హైదరాబాద్ చేరి, కార్మిక సంఘం మనుషులను కలిసి, తిరిగి వచ్చి దొరల మీద రైతుల సాయుధ పోరాటంలో కలిసేదాకా, ఆపైన నిజాం పాలనను ముగించిన 1948 సైనిక చర్య తరువాత దొరలు మళ్లీ ఊళ్లకు చేరేదాకా ఎన్నో ఏళ్ల కథను ఒక్క సినిమాలో నడపాలి కాబట్టి, దర్శకుడు సన్నివేశాలను పొట్టిగా కోసి, మధ్య ఖాళీలను పాటకు అప్పగించాడు. సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ మొదలవగానే అమ్మమ్మ గొంతు కలిపింది. “ఇది మా సంఘపోళ్లు పాడెటోళ్లు” అని (దొరలకు ఎదురు నిలిచిన రైతు సంఘం వాళ్లన్నమాట), ఆ తర్వాత చాలాసేపు ఆ కాలపు కబుర్లే చెప్పింది. గద్దర్ తెరమీదికి వచ్చి ‘బండెనక బండి కట్టి’ ఎత్తుకున్నప్పుడైతే సినిమా చూస్తున్నామన్న సంగతే మా ఇద్దరికీ గుర్తులేదు. (హైదరాబాద్ భాగం మాత్రం నాకు హడావిడిగా అనిపిస్తుంది, అక్కడ మాటలు మనుషులను మించిపోతాయి.)

మర్నాడు రాత్రి ‘దాసి’ పెట్టాను. 1988లో వచ్చిన ఈ సినిమాకు దర్శకుడు ‘మా భూమి’ నిర్మాతల్లో ఒకరైన బి.నర్సింగరావే; స్వతహాగా చిత్రకారుడు. కాలం 1920లకు, స్థలం గడీ గోడల మధ్యకు కుదించుకుపోయింది. దొరసాని వెంట అరణంగా, అంటే పెళ్లిలో ఇచ్చిన కానుకలా వచ్చిన కమలాక్షి (ఈ పాత్ర అర్చనది) పొద్దస్తమానం చాకిరీ చేస్తూ, దొర ఏమంటే అది కావలసిన మనిషి. సంభాషణలు కొద్ది, నేపథ్య సంగీతం ఇంకా కొద్ది. కెమెరా తొందరపడి ముందుకు పోదు. ఒక పని మొదలైతే అది ముగిసేదాకా నిలబడి చూస్తుంది. ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్‌కు, కళా దర్శకత్వానికి తోట వైకుంఠానికి, దుస్తులకు సుదర్శన్‌కు, నటనకు అర్చనకు ఆ ఏటి జాతీయ పురస్కారాలు దక్కాయంటే, నోటి మాట చేయవలసిన పనిని ఈ సినిమా వేటితో చేయించుకుందో తెలుస్తుంది.

అరగంట గడిచాక నాకే విసుగొచ్చి, “ఈమె ఏం మాట్లాడది గదా అమ్మమ్మా” అన్నాను. “గడీల మాకు నోరెక్కడిది బిడ్డా, చెవులే. దొర్సాని గాజుల సప్పుడు ఏ అర్రలకెల్లి వస్తుందో ఇనుకుంటనే పని జేస్తుంటిమి” అన్నది, తెరమీదినుంచి చూపు తిప్పకుండానే. అప్పుడు టీవీ శబ్దం పెంచాను. అంతవరకు నేను ఖాళీ అనుకున్న చోటంతా చిన్న చిన్న చప్పుళ్లతో నిండి ఉంది. ఎవరో వస్తున్నారా, ఎవరైనా పిలుస్తారా అన్న భయంలోనే ఆ సినిమా నడక ఉంది.

మీరు ఈ రెండింటినీ పోల్చాలనుకుంటే వేగం కన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ‘మా భూమి’లో రామయ్య ప్రేమించిన చంద్రి దొరకు లొంగక తప్పని పరిస్థితి వస్తుంది; ఆ దెబ్బ రామయ్యను ఊరు దాటిస్తుంది, కథ అతని వెంట పోతుంది, చంద్రి వెనకనే ఉండిపోతుంది. అక్కడ ఒక మలుపుగా దాటిపోయిన ఆ అన్యాయమే ‘దాసి’లో మొత్తం సినిమా. దొర వల్ల కమలాక్షికి కడుపు వస్తే దానినీ బలవంతంగా తీయించినప్పుడు, ఆ మనిషికి రామయ్యకున్నట్టు పారిపోవడానికి ఒక హైదరాబాద్ లేదు. కెమెరా కూడా ఆమెను వదిలి వెళ్లదు. ఇందుకు నర్సింగరావు ఇచ్చుకున్న మూల్యమూ ఉంది: గడీ బయటి ఊరు దాదాపు మాయమైంది. ఒక్క ‘దాసి’నే చూసినవారికి ఈ దొరలను ఎదిరించినవారు ఎవరూ లేరేమో అనిపించవచ్చు.

మళ్లీ చూసే ఉద్దేశం మీకుంటే, మేము చూసిన వరుసను తలకిందులు చేయండి. ముందు ‘దాసి’ని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి చూడండి. ఆ గడీలో గంటన్నర గడిపి బయటికి వచ్చాక ‘మా భూమి’లో పాట ఎత్తుకునే మొదటి గొంతు ఎలా వినిపిస్తుందో చూసి, వీలైతే ఇక్కడే రాయండి.