చిగురేసిన కొమ్మ ఎందుకు చచ్చిపోతోంది?

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగరం దగ్గర పల్లె. రెండెకరాల వరి, కాస్త కూరగాయలు ఉన్నాయి. క్రోటన్లు, మందారం, మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఇంటి దగ్గరే కొమ్మలతో పెంచి పర్లాకిమిడిలో అమ్ముదామని మా కోడలి ఆలోచన. ఆషాఢంలో అరవై కొమ్మలు కవర్లలో గుచ్చాం. సగం మట్టి, సగం పశువుల ఎరువు కలిపాం. మొదలుకి పసుపు, తేనె రాశాం. రెండు వారాల్లో చాలావాటికి చిగురొచ్చింది, సంబరపడ్డాం. నాలుగో వారానికి ఒక్కొక్కటే వాడిపోయి పది మిగిలాయి. రోజూ నీళ్లు పోశాం, ఏ లోటూ చేయలేదు. తప్పెక్కడ జరిగింది? కరివేపాకు కూడా కొమ్మతో వస్తుందా?
– ఒక మహిళా రైతు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, ‘ఏ లోటూ చేయలేదు’ అని రాశారు. నిజమే, లోటు జరగలేదు, పోషణే మితిమీరింది. ఇంకా వేరు పుట్టని కొమ్మకి ఎరువు, తేనె, రోజూ నీళ్లు ఇవ్వడమంటే నొప్పులు రాకముందే బాలింత పథ్యం పెట్టినట్టు.

ముందు ఒక పని చేయండి. పోయిన కొమ్మల్లో నాలుగింటిని పైకి తీసి, కడిగి, కోసిన చివర చూడండి. నల్లబడి, గోటితో నొక్కితే తొక్క జారిపోయి, పులిసిన వాసన వస్తే అది కుళ్లు. తొక్క ముడతలు పడి ఎండుపుల్లలా ఫట్‌మని విరిగితే నీరు చాలక పోయినట్టు. కోసినచోట తెల్లగా, ఉడికిన సగ్గుబియ్యం అంటించినట్టు బొడిపెలు కట్టి ఉంటే ఆ కొమ్మ గాయం మాన్చుకుని వేరు వేయబోతూ పోయిందన్నమాట. మీరు రాసిందాన్ని బట్టి మీకు ఎక్కువగా కనిపించేది మొదటి రకమే అనుకుంటున్నాను.

ఇక చిగురు సంగతి. అందరూ ఇక్కడే మోసపోతారు. ముదురు కొమ్మలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. కాస్త తేమ, వెచ్చదనం తగిలితే మొగ్గ ఆ నిల్వతోనే విచ్చుకుంటుంది. దానికి వేరు అక్కర్లేదు. నరికి దొడ్లో పడేసిన మునగ దుంగ చిగురించడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. ఆ చిగురు ఆకులుగా విప్పుకున్నాక వాటిలోంచి నీరు ఆవిరైపోతుంటుంది, కిందనుంచి తోడిపోసే వేరు మాత్రం ఉండదు. మూడు నాలుగు వారాలకి గాదె ఖాళీ అవుతుంది, కొమ్మ తల వాల్చేస్తుంది. కాబట్టి పైన చిగురు కాదు, కింద పట్టు చూడాలి. కొమ్మను రెండు వేళ్లతో మెల్లగా లాగితే బిగువు తగలాలి, లేదా కవరు అడుగు రంధ్రంలోంచి తెల్లవేరు తొంగిచూడాలి. అలాగని రోజూ లాగి చూడకండి. అప్పుడే పుట్టిన వేరు వెంట్రుక కంటే సున్నితం, కదిపితే తెగిపోతుంది. పిల్లల చేతికి అందకుండా పెట్టమని అందుకే చెబుతుంటాను.

ఈసారి పశువుల ఎరువు పూర్తిగా మానేయండి. వేరు లేనిదానికి తినే నోరు లేదు. ఆ ఎరువు బూజుకి, చెదలకి మేతవుతుంది, సరిగా మాగకపోతే వేడి కూడా పుట్టిస్తుంది. రెండు పాళ్లు ఏటి ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు చాలు. మీకు వంశధార పక్కనే ఉంది. కాస్త ముతక ఇసుక తెచ్చి, జల్లించి, కడిగి, రెండు మూడు రోజులు మంచి ఎండలో పరిచి ఆరబెట్టండి. కొబ్బరి పొట్టును కూడా రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండేస్తే అందులోని ఉప్పు పోతుంది. (గోపాలపూర్ వైపు పాఠకులు సముద్రపు ఇసుకతో ప్రయోగాలు చేయొద్దు, ఆ ఉప్పుకి కొమ్మ బతకదు.) కలిపిన మిశ్రమాన్ని గుప్పెట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో తడి కనపడాలి, నీరు కారకూడదు. ఆ తడి అలాగే ఉన్నన్నాళ్లు నీళ్లు పోయకండి. కవరు అడుగున, పక్కల నాలుగైదు రంధ్రాలు ఉండి తీరాలి.

కొమ్మలు పొద్దున్నే కోయండి. మరీ లేత చివర కుళ్లిపోతుంది, మరీ ముదురు కట్టె వేరుకి బద్ధకిస్తుంది. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరుగుతున్న నడితరం కొమ్మ, పెన్సిల్ లావు, ఐదారంగుళాలు ఉండాలి. కింది కోత కణుపుకి సరిగ్గా కింద ఏటవాలుగా, పై కోత అడ్డంగా కోస్తే తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు. బోర్లా గుచ్చిన కొమ్మ వేరు వేయడం కష్టం. పువ్వులు, మొగ్గలు గిల్లేయండి. పైన రెండు మూడు ఆకులు మాత్రం ఉంచి, పెద్దవైతే వాటినీ సగానికి కత్తిరించండి. క్రోటన్ కోయగానే పాలు కారతాయి. ఆగేదాకా నీళ్లలో ముంచి కడిగి, తుడిచి, అప్పుడు గుచ్చండి. ఆ పాలు కొందరికి దురద పెడతాయి, కంట్లో పడనివ్వకండి.

పసుపు బూజుని కొంత ఆపుతుందేమో గానీ వేరును పుట్టించదు. తేనె పూయనే వద్దు, చీమలు పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. వేరు త్వరగా రావాలంటే ఎరువుల కొట్లో రూటింగ్ పౌడర్ అడగండి. డబ్బా మీద ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్, అంటే ఐబీఏ అని ఉందో లేదో చూసి కొనండి. మందారం, క్రోటన్ లాంటి నడితరం కొమ్మలకి 1000 నుంచి 3000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు మందు) సరిపోతుంది. కొమ్మ అడుగు ఒక సెంటీమీటరు మేర తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేయండి. పుల్లతో ముందు రంధ్రం చేసి అందులో దించండి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే ఊడిపోతుంది. రెండింతలు పూస్తే రెండింతలు వేర్లు రావు, మొదలు మాడి నల్లబడుతుంది. కుళ్లు మళ్లీ కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపి మొదళ్లు తడపండి.

కవర్లు ఎక్కడ పెట్టారో రాయలేదు. చూరు కింద అయితే వాననీళ్ల ధారకి మిశ్రమం కొట్టుకుపోతుంది. చెట్టు నీడ, తాటాకు పందిరి, ఎండను సగం ఆపే 50 శాతం షేడ్‌నెట్ (నీడ వల)... ఏదైనా సరే, వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. రేకుల షెడ్డు మాత్రం వద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండు వందల మందారపు కొమ్మలు రేకుల కింద పెట్టి, పైన పాలిథిన్ కూడా కప్పి, రెండు రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి అవి ఉడికిపోయి ఉన్నాయి. మీ దగ్గర వానాకాలంలో గాలిలోనే తేమ ఎక్కువ, మూత అవసరం లేదు. వాన లేని రోజుల్లో మాత్రం ఆకుల మీద పిచికారీ సీసాతో మూడు నాలుగుసార్లు మంచులా కొట్టండి.

మీరు గుచ్చిన అదను తప్పు కాదు. శ్రావణ, భాద్రపదాల్లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. కార్తీకం దాటితే చలికి వేరు నెమ్మదిస్తుంది, అప్పుడు మాఘం చివరిదాకా ఆగండి. నాటు ఎర్రమందారం, క్రోటన్ నాలుగు నుంచి ఆరు వారాల్లో పట్టుకుంటాయి. పెద్ద పూల హైబ్రిడ్ మందారాలు కొమ్మతో సరిగా రావు. వాటిని నాటు మందారం మీద అంటు కట్టాల్సిందే, ఇప్పుడు వాటి జోలికి పోవద్దు.

మనీప్లాంట్‌కి ఏ పొడీ అక్కర్లేదు. కణుపు ఉంటే చాలు, లేకపోతే కాడతో ఉన్న ఆకు నీళ్లలో వేరు వేసినా తీగ సాగదు. ప్రతి ముక్కకి ఒక కణుపు, ఒక ఆకు వచ్చేలా కోసి నీళ్ల సీసాలో పెడితే రెండు మూడు వారాల్లో వేర్లొస్తాయి. సీసాలో నీళ్లు నాలుగైదు రోజులకోసారి పారబోసి సీసా లోపల రుద్ది కడగండి. డెంగీ దోమకి ఆ సీసాయే పురిటిల్లు, వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. నీటిలో పుట్టిన వేరు మట్టికి అలవాటుపడాలి కాబట్టి కవర్లోకి మార్చిన మొదటి వారం మాత్రం తడి కాస్త ఎక్కువే ఉంచండి.

స్నేక్ ప్లాంట్ దగ్గర మీరు అమ్మేవారు కాబట్టి ఒక మెలిక తెలుసుకోవాలి. ఆకును మూడంగుళాల ముక్కలు కోసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, పై కింద మారకుండా ఇసుకలో నిలబెడితే రెండు మూడు నెలల్లో పిలకలొస్తాయి. అయితే అంచున పసుపు చార ఉన్న రకం ఇలా పెంచితే చార పోయి ఉత్త ఆకుపచ్చ పిల్లలే పుడతాయి. ఆ పసుపు ఆకు పైపొరల్లో ఉంటుంది, కొత్త పిలకేమో లోపలి కణాల నుంచి పుడుతుంది. చార కావాలంటే దుంపను వేరుతో సహా విడదీసి నాటడమే దారి. చార లేని పిల్లను చార ఉన్న మొక్క పేరుతో అమ్మితే కొన్నవాళ్లు రెండోసారి మీ దగ్గరికి రారు.

వేరు పట్టిన కొమ్మల్ని ఎర్రమట్టి, ఇసుక, వర్మికంపోస్టు సమపాళ్లలో కలిపిన కవర్లలోకి మార్చి, పది రోజులు నీడలో ఉంచాక మెల్లగా వెలుతురులోకి తేవాలి. క్రోటన్ రంగు తేలేది వెలుతురులోనే. అమ్మకానికి పెట్టేముందు ఆకు అడుగున, కణుపు సందుల్లో పిండినల్లి ఉందేమో తప్పక చూడండి. మీ మిగిలిన పదీ ఇప్పుడే మార్చకండి, లాగి చూసి పట్టున్నవి మాత్రమే మార్చండి.

కరివేపాకు కొమ్మతో రావడం అరుదు. పాత చెట్టు మొదట్లో వేరు నుంచి లేచిన పిలకను వేరుతో సహా తవ్వి తీసి వానల్లో నాటుకోండి. గింజతో అయితే నల్లగా పండిన కాయ గుజ్జు తీసేసి, అదే వారంలో వేయాలి. దాచిపెడితే మొలక శక్తి త్వరగా పోతుంది.