సీడీ చేతిలోనే ఉంది, ఆట మాత్రం తెరుచుకోదు

ప్రశ్న: 2003లో కొన్న ఆట అసలు సీడీ నా దగ్గర భద్రంగా ఉంది. విండోస్ 10లో ఇన్‌స్టాల్ అయింది గానీ, ఐకాన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఒక్కోసారి ‘అసలు డిస్కు పెట్టండి’ అంటుంది. సీడీ మీద ఒక్క గీత కూడా లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ సీడీలో లోపం లేదండీ. ఆ రోజుల్లో దొంగ కాపీలు తీయకుండా చాలా ఆటలకు సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు. మామూలు సీడీ రైటర్లు సరిగ్గా రాయలేని కొన్ని సెక్టార్లను ఫ్యాక్టరీలోనే డిస్కు మీద పెట్టేవారు. ఆట మొదలవగానే అవి ఉన్నాయో లేదో చూడటం సెక్‌డ్రివ్ (secdrv) అనే డ్రైవర్ పని. ఈ డ్రైవర్ విండోస్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో, అన్ని అధికారాలతో నడుస్తుంది. 2007లో అందులో పెద్ద కన్నమే బయటపడింది: తక్కువ అధికారాలున్న ప్రోగ్రామ్ కూడా దాన్ని పట్టుకుని కంప్యూటర్ మొత్తాన్ని చేజిక్కించుకోవచ్చు. చివరికి మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి ఈ డ్రైవర్‌ను తీసేసింది. అదే సెప్టెంబరులో విస్టా, 7, 8లలో కూడా కేబీ 3086255 అప్‌డేట్‌తో దాన్ని ఆపేసింది.

విండోస్ 7, 8 వాడేవారు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎస్‌సీ కాన్ఫిగ్ సెక్‌డ్రివ్ స్టార్ట్= డిమాండ్’ అని, ఆ తరవాత ‘ఎస్‌సీ స్టార్ట్ సెక్‌డ్రివ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. సమానం గుర్తుకు ముందు ఖాళీ ఉండకూడదు, వెనక తప్పనిసరిగా ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఆట ముగించాక ‘ఎస్‌సీ స్టాప్ సెక్‌డ్రివ్’ కొట్టడం మరిచిపోవద్దు.

మీది విండోస్ 10 కాబట్టి ఈ దారి లేదు. ముందు ఆ ఆటకు కంపెనీ ఇచ్చిన ఆఖరి ప్యాచ్ (సవరణ ఫైలు) వెతకండి. కొన్ని కంపెనీలు చివరి ప్యాచ్‌లో డిస్కు తనిఖీని తామే తీసేశాయి. అది దొరక్కపోతే డిజిటల్‌గా మళ్లీ విడుదలైందేమో చూడండి. రెండూ కాకపోతే నెట్‌కు కలపని పాత ఎక్స్‌పీ కంప్యూటరే గతి. డిస్కు తనిఖీని తప్పించడానికి ఎవరో తయారుచేసి నెట్‌లో పెట్టే ‘నో-సీడీ’ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాటితోపాటు ఏ వైరస్ వస్తుందో చెప్పలేం. దొంగ కాపీ ఆడినవాడికి అప్పుడూ ఇప్పుడూ ఈ తిప్పలు లేవు, డబ్బు పెట్టి కొన్నవారికే వచ్చాయి. ఇది అన్యాయమే.

ప్రశ్న: ప్రాసెసర్, మదర్‌బోర్డ్ మార్చాక కొత్త ఆట ‘యాక్టివేషన్ పరిమితి దాటింది’ అంటోంది. కంప్యూటర్ ఒక్కటే కదా?

జవాబు: మీకు ఒక్కటే, తాళానికి కాదు. అది ప్రాసెసర్, విండోస్ వంటివాటి వివరాలు కలిపి యంత్రానికి ఒక గుర్తు కడుతుంది. భాగం మారితే గుర్తు మారుతుంది, యాక్టివేషన్ ఒకటి ఖర్చవుతుంది. 2008లో స్పోర్ ఆటకు మొదట పెట్టిన పరిమితి 3 కంప్యూటర్లు. కొన్నవారు తిరగబడితే 5కు పెంచారు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే డెనువో అనే తాళంలో చాలా ఆటలకు పరిమితి రోజుకు 5 యంత్రాలు. మీది అదే అయితే 24 గంటలు ఆగితే చాలు. లైనక్స్‌లో విండోస్ ఆటలను నడిపించే ప్రోటాన్ అనే ప్రోగ్రామ్ వెర్షన్ మార్చినా కొత్త యంత్రం కిందే లెక్క. అందుకే ఏది బాగా నడుస్తుందోనని ఒకే రోజు వరసగా మార్చి చూడకండి. యాక్టివేషన్‌ను వెనక్కి ఇచ్చే సదుపాయం ఉన్న పాత ఆటలైతే, ఫార్మాట్ చేయడానికి ముందే ఇచ్చేయాలి. డిస్కు చెరిపేశాక ఆ పని కుదరదు, కంపెనీ సహాయ విభాగానికి బిల్లుతో సహా రాయాల్సిందే.

ప్రశ్న: నెట్ లేని చోటుకు వెళ్తున్నాను. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటలు ఆడుకోవచ్చా?

జవాబు: నెట్ ఉండగానే అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, ప్రతి ఆటనూ మెయిన్ మెనూ వచ్చేదాకా ఒకసారి తెరవండి. తరవాత స్టీమ్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, నెట్ తీసేసి మళ్లీ తెరిచి చూడండి. ఎప్పుడూ సర్వర్‌తో మాట్లాడే ఆటలకు ఇది పనిచేయదు.

ప్రశ్న: సర్వర్లు మూసేస్తే నేను కొన్న ఆట ఏమవుతుంది?

జవాబు: ఆ తాళం ఎలాంటిదో దాన్నిబట్టి ఉంటుంది. 2014లో వచ్చిన ది క్రూ ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ దాన్ని మూసేయడంతో డిస్కు కొన్నవారు కూడా ఆడలేకపోయారు. సిమ్‌సిటీకి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 2013లో సర్వర్లు మొరాయించి గొడవైతే మరుసటి ఏడాది ఆఫ్‌లైన్ సదుపాయం ఇచ్చారు.

అందుకే డబ్బు కట్టేముందు స్టీమ్ పేజీలో కుడిపక్కనున్న పెట్టె చదవండి. డెనువో, రోజువారీ పరిమితి, వేరే కంపెనీ ఖాతా కావాలా అన్నవి అక్కడే రాస్తారు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ రెండు గంటల్లోనే నెట్ తీసేసి ఒకసారి పరీక్షించండి. అదే ఆట, తాళం లేకుండా ఆటలు అమ్మే జీఓజీ అనే దుకాణంలో ఉంటే అక్కడ కొనడం మేలు. అక్కడిచ్చే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో దాచుకుంటే, ఆ దుకాణమే మూతబడ్డా ఒంటరిగా ఆడే భాగం ఇన్‌స్టాల్ అవుతుంది.