కత్తుల సేకరణతో విమానమెక్కే ముందు

ప్రశ్న: మా తాతగారి నుంచి వచ్చినవీ, ఉద్యోగంలో ఉండగా నేను కొనుక్కున్నవీ కలిపి మా ఇంట్లో ఇరవై దాకా కత్తులున్నాయి. వాటిలో కొన్ని పాత బాకులు (ఒకదానికి ఏనుగుదంతం పిడి), ఒక పొడవైన కుక్రి (గూర్ఖాల వంపు కత్తి), ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ మడతకత్తులు ఉన్నాయి. డల్లాస్‌లో స్థిరపడిన మా అబ్బాయి ఈసారి వాటన్నిటినీ తెచ్చిపెట్టమంటున్నాడు. విలువైనవి కనుక నా వెంట చేతిసంచిలోనే ఉంచుకోవచ్చునా? దోహాలో విమానం మారాలి. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: చేతిసంచి ఆలోచన మానుకోండి. ఎంత విలువైనదైనా, ఒరలో పెట్టి తాళం వేసినా, కత్తిని క్యాబిన్‌లోకి రానివ్వరు. భద్రతా తనిఖీలో బయటపడితే వెనక్కి వెళ్లి లగేజీలో వేసి రావడానికి సమయం చాలదు కాబట్టి, చాలామంది దాన్ని అక్కడే వదులుకోవలసి వస్తుంది. చెక్-ఇన్ లగేజీలో మాత్రం, సామాను మోసేవారికీ తెరిచి చూసేవారికీ గాయం కాకుండా ఒరలో పెట్టో గట్టిగా చుట్టో ఉంచితే, మామూలు కత్తులకు మన దేశంలోనూ అమెరికాలోనూ అభ్యంతరం ఉండదు.

అసలు చిక్కు విమానంలో కాదు, దేశం దాటడంలో ఉంది. అందువల్ల పెట్టె సర్దడానికి ముందు మీ కత్తులను వయసును బట్టి వేరు చేయండి. చారిత్రక ఆసక్తి కలిగిన వస్తువు నూరేళ్లకు తక్కువ కాకుండా ఉనికిలో ఉంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అది పురావస్తువు. దాన్ని కేంద్ర ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప వ్యక్తులు దేశం బయటికి తీసుకుపోకూడదు. తాతగారి సొత్తు, సొంత కొడుక్కే ఇస్తున్నాను అన్న సమాధానం కస్టమ్స్ దగ్గర చెల్లదు, ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. మీ జిల్లాలోని కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లి డమాస్కస్ కత్తులుగా పేరు తెచ్చుకుంది కాబట్టి, మీ బాకుల్లో దేనికైనా అలకు (కత్తిలో పిడి కాక మిగిలిన, కోసే భాగం) మీద నీటి అలల వంటి చారలు కనిపిస్తే దాన్ని కదిలించకుండా ముందు నిపుణులకు చూపించండి. మెరుపు కోసం ఎవరి చేతా సాన పట్టించవద్దు, ఆ చారలు పోతే సగం విలువ వాటితోనే పోతుంది.

నూరేళ్లు నిండలేదని మీకు నమ్మకమున్న వాటికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి, అవి పురావస్తువులు కావన్న ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. హైదరాబాద్ మండల కార్యాలయంలో విచారించి, ప్రతి కత్తికీ రెండు వైపులా తీసిన ఫొటోలు, పొడవు, వెడల్పు, పిడి దేనితో చేసిందన్న వివరం, కొన్న రసీదు ఉంటే దాని నకలు సిద్ధం చేసుకుని వెళ్లండి. ప్రయాణం ఖరారైన వారంలో మొదలుపెట్టే పని కాదిది, కొన్ని నెలల ముందే కదలాలి.

ఏనుగుదంతం పిడి ఉన్న బాకును ఇంట్లోనే ఉంచండి. వయసుతో నిమిత్తం లేకుండా, వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని బయటికి పోనివ్వదు, అమెరికాలోనూ దాని దిగుమతిపై కఠినమైన ఆంక్షలున్నాయి. యాజమాన్య ధ్రువపత్రం లేకపోతే ఇంట్లో ఉంచుకోవడమే సమస్య కావచ్చు కనుక, అటవీశాఖ వారిని కలిసే ముందు ఒక న్యాయవాదితో మాట్లాడండి. షెఫీల్డ్ మడతకత్తుల పిడులను కూడా ఒకసారి పరిశీలించండి. గరుకుగా, గోధుమరంగు గాళ్లతో ఉంటే అది కణుజు (సాంబార్ జింక) కొమ్ము కావచ్చు. ఒకప్పుడు మన అడవుల కొమ్ములే అక్కడికి ఎగుమతి అయ్యేవి, ఇప్పుడు ఆ ఎగుమతి నిషిద్ధం. పోయిన కొమ్ము తిరిగొచ్చి మళ్లీ పోలేకపోవడం విచిత్రమే, కానీ చట్టం అంతే.

కుక్రి సంగతి వేరు. వంటకో, వ్యవసాయానికో, పరిశ్రమకో ఉద్దేశించని కత్తి అలకు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉంటే, 2016 ఆయుధ నియమాల ప్రకారం అది ఆయుధం; ఆయుధాన్ని దేశం బయటికి తీసుకువెళ్లడానికి 1959 ఆయుధ చట్టం లైసెన్సు అడుగుతుంది. టేపు పెట్టి కొలిచి చూడండి. అమెరికా వైపు, మీట నొక్కగానే తెరుచుకునే మడతకత్తుల దిగుమతిని అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తోంది.

ఇవన్నీ పోగా మిగిలినవాటిని గట్టి పెట్టెలో సర్దండి. అలకును పొడిగా తుడిచి పలుచగా మినరల్ ఆయిల్ రాసి, వాదరకూ మొనకూ మడిచిన అట్ట తొడిగి, ఒక్కొక్కదాన్ని విడిగా చుట్టి, కదలకుండా ఫోమ్‌లో బిగించండి. తోలు ఒర తేమను పట్టి తుప్పు తెస్తుంది కనుక, కత్తిని దాని నుంచి తీసి పక్కన పెట్టడం నయం. ఎక్స్‌రేలో అనుమానం వస్తే పెట్టె తెరవమంటారు కాబట్టి తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. సామాను నేరుగా అమెరికాకు ట్యాగ్ చేయించుకుంటే దోహాలో దాని జోలికి పోనక్కర్లేదు. అక్కడ ఒక రాత్రి ఆగి పెట్టె బయటికి తీసుకుంటే మాత్రం ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. అమెరికాలో మొదట దిగిన చోటే సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి, అడిగితే మీ వెంట ఉన్న కత్తుల జాబితా చూపించండి.

పెట్టె పోతే వచ్చే పరిహారంపై ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. విమాన ప్రయాణాల్లో నష్టపరిహారానికి సంబంధించిన అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి దాని పరిమితి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్లు), అంటే రెండు లక్షల రూపాయల లోపు. చెక్-ఇన్‌లో ప్రత్యేకంగా విలువ ప్రకటించి, అదనపు రుసుము కడితే ఆ పరిమితి పెరుగుతుంది, లేదా విడిగా బీమా చేయించుకోండి. దెబ్బతింటే పెట్టె అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ప్రశ్న: నేను హోటల్లో చెఫ్‌ని. ఉద్యోగ పరీక్ష కోసం విశాఖ నుంచి హైదరాబాద్‌కు నా సొంత కత్తులతో వెళ్లాలి. కత్తుల చుట్టను చేతిలో పట్టుకెళ్లవచ్చా? వాటిలో ఒకటి సిరామిక్ కత్తి.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వీలుకాదు. ఉద్యోగ గుర్తింపు కార్డు చూపినా ఫలితం ఉండదు, సిరామిక్ కత్తికీ మినహాయింపు లేదు. దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికుల కృపాణానికి మాత్రమే, అదీ అలకు 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలు మించకుండా ఉంటే, అనుమతి ఉంది. కత్తుల చుట్టను సూట్‌కేసు నడుమ బట్టల మధ్య పెట్టి చెక్-ఇన్ చేయండి. చేతిసంచికి మాత్రమే వర్తించే చౌక టికెట్ కొని ఉంటే, లగేజీని ముందుగానే ఆన్‌లైన్‌లో జోడించుకోండి, కౌంటర్ దగ్గర ఎక్కువ వసూలు చేస్తారు. చెఫ్ కోటు జేబుల్లో చిన్న కత్తి ఉండిపోలేదని బయలుదేరే ముందు చూసుకోండి.