సెలక్షన్ కమిటీలోకి వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నిన్ను మన పూల్ జట్టు సెలక్షన్ కమిటీలో వేశారని విని సంతోషించాను, ఆ వెంటనే జాలీ వేసింది. ఇన్నాళ్లూ నీ షాట్ తప్పితే నువ్వొక్కదానివే బాధపడేదానివి. ఇకమీదట ఎవరి షాట్ తప్పినా తిట్లు నీకే. సలహా అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆ కుర్చీలో కూర్చున్న ఆరేళ్లలో నేను చేసిన తప్పులే ఇందులో ఎక్కువ.

వరల్డ్ కప్ ఆఫ్ పూల్ సంగతి నీకు తెలిసిందే. నైన్‌బాల్ ఆట, అంటే టేబుల్ మీదున్న చిన్న నంబర్ బంతినే ముందు తాకుతూ, తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవాళ్లు గెలిచే ఆట. 32 జట్లు, ఒక్కో జట్టుకి ఇద్దరు. ఇద్దరూ షాటు మార్చి షాటు ఆడాలి. ఈ చివరి మాటలోనే సెలెక్టర్ పనంతా ఉంది. నాకది అర్థం కావడానికి ఒక టోర్నమెంట్ పోగొట్టుకోవాల్సి వచ్చింది.

నేను మొదటిసారి జట్టుని ఎంపిక చేసినప్పుడు ర్యాంకింగ్ పట్టిక తీసి, ఒకటో పేరూ రెండో పేరూ రాసి సంతకం పెట్టేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ వేలెత్తి చూపలేరని ధీమా. మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాం. ఆ మ్యాచ్‌లో ఒక ర్యాక్, అంటే ఒక గేమ్, ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. టేబుల్ మీద మిగిలినవి నాలుగు బంతులు, ఆరు నుంచి తొమ్మిది దాకా. మొదటివాడు ఆరుని శుభ్రంగా వేశాడు. క్యూ కర్రతో కొట్టే తెల్ల బంతి రెండు కుషన్లకు, అంటే టేబుల్ అంచులకు, తగిలి తిరిగొచ్చి టేబుల్ నట్టనడుమ ఆగింది. చప్పట్లు కొట్టారు. అతను ఒక్కడే ఆడుతుంటే అది బంగారంలాంటి పొజిషన్. పొడగరి, చేతులు పొడవు, ఎక్కడికైనా వంగి అందుకుంటాడు. కానీ తర్వాతి షాట్ అతనిది కాదు. రెండోవాడు పొట్టి. ఒక కాలు గాల్లోకి లేపి చూశాడు, అందలేదు, క్యూని ఆనించే రెస్ట్ కర్ర తెప్పించుకున్నాడు. అప్పటికే షాట్‌కి పెట్టిన గడియారంలో సెకన్లు కరిగిపోతున్నాయి. ఏడో బంతి పాకెట్ అంచులకు అటూ ఇటూ కొట్టుకుని బయటికొచ్చింది. మొదటివాడు కుర్చీలో కూర్చుని క్యూ కొనకి చాక్ రుద్దుకుంటూనే ఉన్నాడు, తలెత్తలేదు. ఆ తర్వాత మ్యాచ్ ముగిసేదాకా వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తప్పెవరిది? చాలా రోజులు రెండోవాడిదే అనుకున్నాను. నిజానికి నాది.

గెలిచినవాళ్ల జాబితా తీసి చూడు. 2006లో మొదటి కప్పు ఫిలిప్పీన్స్‌కి ఎఫ్రెన్ రేయెస్, ఫ్రాన్సిస్కో బుస్తమంతే తెచ్చారు. 2009లోనూ వాళ్లిద్దరే. 2007లో గెలిచిన చైనా జోడీ లీ హెవెన్, ఫు జియాన్‌బో 2010లో మళ్లీ గెలిచింది. ఆస్ట్రియాకి 2017లో, 2019లో ఆల్బిన్ ఔషన్, మారియో హే కప్పు తెచ్చారు. మూడు జోడీలు, ఒక్కొక్కటి రెండేసి సార్లు. 2021లో జర్మనీ తరఫున జాషువా ఫిల్లర్ పక్కన ఆడింది క్రిస్టోఫ్ రైంట్యెస్. ఫిల్లర్ అంతకుముందే ప్రపంచ ఛాంపియన్, రైంట్యెస్‌కి అంత పేరు లేదు. అయినా కప్పు వాళ్లదే. ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చాలని చూసే సెలెక్టర్లు ఈ జాబితాని గోడకి అంటించుకోవాలి.

అలాగని బలహీనుడిని ఎక్కడో ఒక మూల దాచేద్దామనుకోకు. ఈ ఆటలో దాచడానికి చోటు లేదు. బ్రేక్, అంటే పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి షాట్, ఒకరు చేస్తే తర్వాతి షాట్ రెండోవాళ్లది. బ్రేక్‌లో ఒక బంతి పడితే మిగిలేవి ఎనిమిది, తప్పులేకుండా ఆడుకుంటూ పోతే తొమ్మిదో నంబర్ బంతి బ్రేక్ చేసినవాళ్ల వంతుకొస్తుంది. రెండు పడితే పార్ట్‌నర్ వంతుకి. ఆఖరి బంతి ఎవరి నెత్తిన పడుతుందో నువ్వు నిర్ణయించలేవు.

అందుకే ట్రయల్స్‌ని సింగిల్స్ టోర్నమెంట్‌లా పెట్టకు. పది మందిని పిలిచి, వాళ్లనే జోడీలు మార్చి మార్చి ఆడించు. మూడు రోజులు చాలు. నువ్వు ఒక పుస్తకం పట్టుకుని కూర్చో. బంతి పడిందా లేదా అన్నది అందరూ రాస్తారు, దాని పక్కన ఇంకో గడి గీసుకో. తెల్ల బంతిని పార్ట్‌నర్‌కి ఎలా వదిలారు? సులువుగానా, కష్టంగానా, అసలు దారే లేకుండానా? మూడో రోజు సాయంత్రానికి ఆ గడి నీకు చెప్పే సంగతులు ర్యాంకింగ్ పట్టిక జన్మలో చెప్పదు. తన చేతికి కాక పక్కవాడి చేతికి పొజిషన్ ఆడేవాళ్లు అరుదు. పార్ట్‌నర్ ఎడమచేతి వాటమైతే బంతిని కుషన్‌కి అటువైపు వదిలేవాడు ఒకడు దొరికాడా, వాడిని వదలకు.

షాట్ తప్పాక ఏం చేస్తారో కూడా చూడు. కుర్చీ దగ్గరికి నడిచొచ్చే ఆ నాలుగడుగుల్లో మనిషి బయటపడతాడు. సేఫ్టీ ఆడి ఎదుటివాళ్లకి దారి మూసేయాలా, బ్రేక్ తర్వాత పుష్ ఔట్ చేసి తెల్ల బంతిని నచ్చిన చోటికి జరపాలా అన్నప్పుడు ఎవరి మాట నెగ్గుతోందో గమనించు. 30 సెకన్ల గడియారం పెట్టకుండా ట్రయల్స్ ఆడిస్తే మాత్రం అదంతా వృథా. టైమ్ ఉన్నప్పుడు అందరూ మర్యాదస్తులే.

రేటింగుల గురించి గొడవ తప్పదు. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే ఫార్గో రేటింగ్‌లో 100 పాయింట్ల తేడా అంటే పైవాడు రెండు ర్యాకులు గెలిస్తే కిందివాడు ఒకటి గెలుస్తాడని లెక్క. అది పెద్ద తేడానే, దాన్ని కాదనకు. కానీ నీ ముందుకొచ్చే తగాదాలన్నీ 8, 10 పాయింట్ల మీద ఉంటాయి. 10 పాయింట్లంటే నూరు ర్యాకుల్లో సుమారు 52–48. ఏడు ర్యాకులు గెలిస్తే చాలనే మ్యాచ్‌లో ఆ తేడా కంటికి కూడా ఆనదు. ఆ కాస్త తేడా కోసం పొసగని ఇద్దరిని కట్టిపడేయొద్దు.

బ్రేక్‌ని వేరుగా పరీక్షించు. టోర్నమెంట్‌లో బంతులు పేర్చేటప్పుడు ఒకటో బంతిని స్పాట్ (టేబుల్ మీది గుర్తు) మీద పెడతారా, తొమ్మిదో బంతినా అన్నది ముందే కనుక్కో. తొమ్మిదిని స్పాట్ మీదికి జరిపితే పేర్చిన బంతులన్నీ ముందుకొస్తాయి, మెల్లగా కొట్టినా మూల పాకెట్‌లో పడే ఆ పక్క కొసన ఉండే బంతి ఇక అంత నమ్మకంగా పడదు. ఆ ఒక్క బంతి మీదే బతికే బ్రేకర్లు మన దగ్గర ఇద్దరు ముగ్గురున్నారు, పేర్లు నీకూ తెలుసు.

మిగతావి చిన్న సంగతులు. ఎంపిక పద్ధతిని ట్రయల్స్‌కి ముందే కాగితం మీద పెట్టి అందరికీ ఇవ్వు. నీ దగ్గర నేర్చుకున్నవాళ్లు బరిలో ఉంటే వాళ్ల పేరు చర్చకొచ్చినప్పుడు లేచి బయటికెళ్లిపో. పాస్‌పోర్టుల గడువు నువ్వే కళ్లారా చూడు, ఆటగాళ్ల మాట నమ్మకు. ఒక రిజర్వ్‌ని పెట్టుకో, అతన్ని కూడా ఆ ఇద్దరితో జోడీగా ప్రాక్టీస్ చేయించు. లేకపోతే ఆ పేరు కాగితం మీద ఉండి ఏం లాభం?

జట్టు పేర్లు బయటపెట్టే ముందు, అంచుదాకా వచ్చి ఆగిపోయినవాళ్లకి నువ్వే ఫోన్ చెయ్యి. మెసేజ్ పెట్టకు. నేను ఒకసారి బద్ధకించాను. ఆ కుర్రాడికి తనను తీసుకోలేదన్న సంగతి క్లబ్‌లో ఎవరో నవ్వుతూ చెప్పారట. రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఫోన్ చేసినప్పుడు నీ పుస్తకం ముందు పెట్టుకో. ఎక్కడ తగ్గిందని అడుగుతారు. ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించు, వాళ్లు అరిస్తే అరవనివ్వు.

నా పాత పుస్తకం కొరియర్‌లో పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, గీతలు ఎలా గీసుకోవాలో మాత్రం తెలుస్తుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు