ఫిట్‌నెస్‌లో ఆగిన పాత కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 2010 నాటి చిన్న పెట్రోల్ కారు. 15 ఏళ్లు నిండాయని రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఫిట్‌నెస్‌కు తీసుకెళ్తే, హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని, బ్రేక్ తొక్కితే బండి కుడికి లాగుతోందని ఆపేశారు. వెనుక ఎడమ చక్రం లోపలి వైపు తడిగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగిస్తే చాలా? ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కేబుల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ తడి ఏమిటో ముందు తేల్చండి. ఒక చుక్క తీసి గిన్నెడు నీళ్లలో వేయండి. కలిసిపోతే బ్రేక్ ఆయిల్. పైన తెట్టులా తేలితే గేర్ ఆయిలో, గ్రీజో. కలిసిపోతే, చక్రం దగ్గర బ్రేక్‌ను నెట్టే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమకు సిలిండర్ లోపల తుప్పు పొక్కులు లేచి రబ్బరు వాషర్లను కోసేస్తాయి. కారిన ఆయిల్ లైనర్లకు, అంటే డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే పట్టీలకు పట్టి ఆ చక్రానికి బ్రేక్ పట్టదు, బండి రెండో వైపు లాగుతుంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లాగేదీ ఆ వెనుక లైనర్లనే.

ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. సిమెంటు ఇటుకలు మాత్రం వద్దు. బరువు పడ్డాక అవి చెప్పకుండా పగులుతాయి, కింద ఉన్నది మీరు. చక్రం విప్పాక, లైనర్లను కప్పి ఉండే డ్రమ్ము బిగుసుకుంటే బాదకండి. దాని మీద రెండు మర రంధ్రాలుంటే సరిపడే బోల్టులను మార్చి మార్చి తిప్పండి, అదే బయటికొస్తుంది. లోపలి దుమ్మును ఊదకండి, సబ్బునీళ్లతో తడిపి తుడవండి. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

ఒకసారికి ఒక చక్రమే విప్పండి. స్ప్రింగులు ఎటు తగిలించాలో రెండోది చూసి తెలుసుకోవచ్చు. సిలిండర్ చివరి రబ్బరు బూటు అంచును కొద్దిగా ఎత్తితే లోపల చెమ్మ కనబడుతుంది. పొక్కులున్న సిలిండర్‌లో వాషర్లు మార్చినా మళ్లీ కారుతుంది, కొత్త సిలిండరే వేయండి. ఆయిల్ తాగిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్దితే పైకి బాగైనట్టే ఉంటుంది. వేడెక్కగానే ఆయిల్ మళ్లీ ఊరుతుంది. రెండు వెనుక చక్రాలకూ కలిపి నాలుగు షూలూ (లైనర్ అతికించి ఉండే ముక్కలు) మార్చాలి. ఒకవైపే మారిస్తే బండి లాగుడు పోదు.

తర్వాత బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్, సీలు తీయనిది, అర లీటరు తెచ్చుకోండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, అంటే వెనుక ఎడమతో మొదలుపెట్టండి. ఒకరు పెడల్ తొక్కిపట్టి ఉండగా మరొకరు వీల్ సిలిండర్ వెనుక గాలి వదిలే నిప్పల్‌కు సన్నని పైప్ తొడిగి, దాన్ని వదులు చేసి, పెడల్ లేవకముందే బిగించాలి. పైప్‌లో బుడగలు ఆగేదాకా ఇదే పని. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ అడుగంటితే మళ్లీ గాలి చొరబడి మొదటికొస్తుంది. బండి రంగు మీద ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

కేబుల్ వంతు ఇప్పుడు. షూలు సరిగ్గా సర్దాకే దాన్ని బిగించాలి. ముందే బిగిస్తే బ్రేక్ వదలక డ్రమ్ము కాలుతుంది. చివరగా ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ను అర నిమిషం గట్టిగా తొక్కిపట్టండి. మెల్లగా కిందికి దిగుతుంటే బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి చేస్తున్నట్టయితే నమ్మకమైన మెకానిక్‌కు చూపించాకే నడపండి.

ప్రశ్న: 2010 నాటి పెట్రోల్ కారే. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటింది. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: పది కిలోమీటర్లు నడిపాక టెంపరేచర్ ముల్లు ఎక్కడుందో చూడండి. అడుగునే ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) లేనట్టు, లేదా తెరుచుకునే ఉండిపోయినట్టు. మన ఎండలకు ఇంజిన్ కాగుతుందని చాలామంది దాన్ని తీయించేస్తారు. అప్పుడు ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకొని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ వదులుతుంది. గ్యాస్కెట్‌తో సహా కొత్తది వేయించండి. ఇంజిన్ బాగా చల్లారాకే రేడియేటర్ మూత తీసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది. ఇంజిన్ కాగడం, థర్మోస్టాట్ తీయించడం మొదలయ్యేది అక్కడే. అప్పటికీ తగ్గకపోతే, పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంతుందో కంప్యూటర్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సర్ చూపించండి. పరీక్షకు వెళ్లే ముందు 15 నిమిషాలు బండి నడపండి.