నొప్పి పూర్తిగా పోదన్నారు... ఇక దేనిమీద ఆశ పెట్టుకోను?

ప్రశ్న: నా వయసు 36. ఐదేళ్లుగా పొత్తికడుపు అడుగున, వృషణాల వెనుక మంట, నొప్పి. గంటసేపు కూర్చోలేను. కారులో దాచుకున్న దిండును ఆఫీసులో మాత్రమే వాడతాను. ప్రోస్టేట్ వాపు అంటూ నలుగురు డాక్టర్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. చివరి డాక్టరు ‘ఇది దీర్ఘకాలిక కటి నొప్పి, పూర్తిగా నయం చేసే మందు లేదు’ అన్నారు. కలయిక తర్వాత నొప్పి ఎక్కువవుతోందని భార్యకు దూరంగా ఉంటున్నాను. ఆమెకు కారణం చెప్పలేదు. నాలో ఆశ చచ్చిపోయింది.

జవాబు: ‘కారణం చెప్పలేదు’ అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. మీరు మంచం అంచుకు జరిగి పడుకున్న ప్రతిసారీ ఆమె తనకు తానే ఒక కారణం చెప్పుకుని ఉంటారు. నేను నచ్చడం లేదనో, ఇంకెవరో ఉన్నారనో. నిజం దానికంటే చాలా తేలిక. వీర్యస్ఖలనం తర్వాత నొప్పి రావడం ఈ సమస్యలో తరచుగా కనిపించే లక్షణమే. మీ మగతనానికీ, ఆమె మీద మీకున్న ఇష్టానికీ దానితో సంబంధం లేదు. ఆ మాట ఆమె మీ నోట వినాలి.

ఇక జబ్బు సంగతి. ప్రోస్టేట్ వాపును నాలుగు రకాలుగా విభజిస్తారు. మీ చివరి డాక్టరు చెప్పిన దీర్ఘకాలిక కటి నొప్పి అందులో మూడోది. అన్నిటికంటే ఎక్కువ మందికి వచ్చేదీ ఇదే. పరీక్షల్లో సూక్ష్మక్రిమి దొరకదు. అందుకే అన్ని కోర్సులు వాడినా మీకు గుణం కనిపించలేదు. ఇది క్యాన్సర్ కాదు, మీ భార్యకు అంటుకునేదీ కాదు. చాలామందిలో కటి అడుగు కండరాలు, అంటే మూత్రాశయాన్ని, పేగును కింది నుంచి మోసే కండరాలు, ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. నొప్పి వస్తుందన్న భయం ఆ బిగువును ఇంకా పెంచుతుంది. ఈ కండరాల మీద పని చేసే ఫిజియోథెరపిస్టు ఉన్నారేమో యూరాలజిస్టునే అడగండి. వీడియోలు చూసి కండరాలను బిగించే కీగెల్ వ్యాయామాలు మొదలుపెట్టకండి. మీకు కావలసింది వాటిని వదులు చేయడం. గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, అరగంటకోసారి లేచి నడవడం చిన్న పనులే అయినా వదలకండి.

మీలో ఆశ చచ్చిపోయిందని నేను అనుకోను. ఐదేళ్లుగా దాన్నంతా ‘ఈసారి డాక్టరు నయం చేస్తారు’ అన్న ఒక్క మాట మీదే పెట్టారు. ప్రతి మందుల చీటీతో పైకి లేచారు, కోర్సు ముగిసేసరికి కూలబడ్డారు. ఎవరైనా అలసిపోతారు. పోదన్న మాట వినడం కష్టమే, కానీ ఆ మాటతో ఆ పరుగు ఆగింది. ఈ నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు. వారాల తరబడి తగ్గుతుంది, మళ్లీ రేగుతుంది. తగ్గిన రోజులను మీరు లెక్కలోకి తీసుకోలేదని నా అనుమానం. దీన్ని కొలవడానికి డాక్టర్ల దగ్గర ఒక ప్రశ్నావళి ఉంది. మొత్తం 43 మార్కులు, ఎంత తగ్గితే అంత మేలు. 6 తగ్గినా చెప్పుకోదగ్గ మెరుగుదలే అంటారు. మూడు నెలలకోసారి దాన్ని నింపండి. 28 నుంచి 20కి రావడం నయం కావడం కాదు. అయినా పిల్లల బడిలో కార్యక్రమమంతా కూర్చుని చూడగలగడం, రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోవడం అందులోనే ఉన్నాయి. ఇకపై మీ ఆశ వీటిమీద పెట్టండి.

నొప్పి రేగిన రాత్రి బతకడమే వద్దనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఎవరినైనా లేపి చెప్పండి. మానసిక వైద్యుల సాయం కూడా ఈ చికిత్సలో భాగమే.

ఈ సాయంత్రం కారులోని దిండును ఇంట్లోకి తెచ్చుకోండి. మీ కుర్చీలో వేసుకుని ఆమె ఎదురుగా కూర్చోండి. అదేమిటని ఆమె అడుగుతారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.