వాటర్‌జెట్‌తో కోయించిన కత్తి ‘కస్టమ్’ అవుతుందా?

కత్తి అలుగు (బ్లేడ్) ఆకారాన్ని వాటర్‌జెట్‌తో, అంటే అతి ఒత్తిడితో చిమ్మే నీటిధారతో కోయించి, హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచడం) బయట చేయించి, బెవెల్ (అంచు వైపు ఏటవాలుగా అరగదీసిన భాగం), పిడి, ఒర మీరే చేశారు. దాన్ని కస్టమ్ అని అమ్మొచ్చా అన్నది మీ ప్రశ్న. ఇక్కడ రెండు మాటలు కలిసిపోయాయి. ‘హ్యాండ్‌మేడ్’ అంటే ఎలా చేశారన్నది, ‘కస్టమ్’ అంటే ఎవరి కోసం చేశారన్నది. కొనేవారు అలుగు పొడవు, స్టీలు, పిడి మందం చెబితే, ఆ ప్రకారం చేసినది కస్టమ్. మీకు నచ్చినట్టు చేసి అమ్మకానికి పెట్టింది ఎంత గొప్పగా ఉన్నా హ్యాండ్‌మేడ్ మాత్రమే. వాడుకలో రెంటినీ కలిపేస్తారు, తగాదాలన్నీ అక్కడే మొదలు.

వాటర్‌జెట్ పెద్ద అభ్యంతరం కాదు. హ్యాక్‌సాతో కోసినా అదే ఆకారం వస్తుంది. కత్తి పనితనాన్ని తేల్చేవి బెవెల్ జ్యామితి, హీట్ ట్రీట్‌మెంట్. స్టెయిన్‌లెస్‌కు 1000 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, గాలి తగలని ఏర్పాటు కావాలి కాబట్టి బయటికి పంపడం మామూలే. కానీ ఆ సంగతి దాచకూడదు. రెడీమేడ్ అలుగు కొని పిడి బిగిస్తే మాత్రం అది కిట్ కత్తే, ఇంకో పేరు లేదు.

హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపే ముందు అంచు దగ్గర 0.5 నుంచి 0.75 మిల్లీమీటర్ల మందం వదలండి, పలచబడితే వంకర పోతుంది. తిరిగొచ్చాక గ్రైండింగ్‌లో నీళ్లలో ముంచుతూ ఉండండి. నీలం రంగు తేలిందంటే అక్కడ గట్టిదనం తగ్గి ఉండొచ్చు.

అమ్మేటప్పుడు ఇలా రాయండి: ‘ఆకారం వాటర్‌జెట్, హీట్ ట్రీట్‌మెంట్ బయట, బెవెల్, పిడి, ఒర నా చేతిపని.’ స్టీలు పేరు, రాక్‌వెల్ గట్టిదనం (స్టీలు ఎంత గట్టిదో చెప్పే కొలత) కూడా చేర్చండి.